ఉత్తర స్కాండినేవియాలో ఒంటరి చలికాలపు యాత్ర: ట్రొమ్సో, ఆబిస్కో, రొవానియెమి, ఇనారిలలో ఏది ఎవరికి తగును?

ధ్రువకాంతులను (ఆరోరాను) చూడాలన్న కోరికతో చలికాలంలో ఉత్తర స్కాండినేవియాకు ఒంటరిగా బయలుదేరాలనుకునేవారి ముందు సాధారణంగా నాలుగు ఊళ్ల పేర్లు ఉంటాయి: నార్వేలో ట్రొమ్సో, స్వీడన్‌లో ఆబిస్కో, ఫిన్‌లాండ్‌లో రొవానియెమి, ఇనారి. ఫిన్‌లాండ్‌ను స్కాండినేవియాలో కలపకూడదని భూగోళ శాస్త్రం తెలిసినవారు అభ్యంతరం చెప్పవచ్చు గాని, అక్కడి చలికి ఆ తేడా పట్టదు కాబట్టి ఇక్కడ నాలుగింటినీ కలిపే చూస్తున్నాను.

ఆరోరా ఎక్కడ బాగా కనిపిస్తుందన్న ప్రశ్నతోనే అందరూ ఎంపిక మొదలుపెడతారు. జంటగానో కుటుంబంతోనో వెళ్లేవారికి ఆ ప్రశ్న చాలు. ఒంటరిగా వెళ్లేవారు మాత్రం దానికంటే ముందు తమను తాము మరొకటి ప్రశ్నించుకోవాలని నా అభిప్రాయం: బస చేసిన ఇంటి గుమ్మం దాటాక, కారు లేకుండా, తోడు లేకుండా, కాలినడకన నేను ఏమేమి చేరుకోగలను? చీకటిగా ఉండే ఆకాశం, సరుకుల దుకాణం, బస్సో రైలో ఆగే చోటు, ఈ మూడూ నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే ఆ ఊరు ఒంటరి ప్రయాణానికి పనికివస్తుంది. వీటిలో ఏది లేకపోయినా దాని కోసం ప్రతి రాత్రీ ఎవరికో డబ్బు కట్టి వారి వాహనం ఎక్కవలసి వస్తుంది, లేదా గదిలో కూర్చోవలసి వస్తుంది.

కారు అద్దెకు తీసుకుంటే ఈ చిక్కు ఉండదు కదా అనిపించవచ్చు. మన దేశంలో రోడ్డుకు ఎడమవైపు నడపడం అలవాటైనవారు అక్కడ కుడివైపు నడపాలి. రోడ్డు మీద గట్టిపడిన మంచు ఉంటుంది. చక్రాలకు మేకులు దిగిన చలికాలపు టైర్లు ఉన్నా బ్రేకు వేసిన చోట బండి ఆగదు. చీకట్లో దుప్పులు, రైన్‌డీర్లు రోడ్డు మీదికి వస్తాయి. పక్కన మరొకరు ఉంటే ఒకరు నడుపుతూ ఒకరు దారి చూసుకోవచ్చు, కాలువలోకి జారితే ఇద్దరూ కలిసి సాయం వచ్చేదాకా వేచి ఉండవచ్చు. మంచు మీద నడిపిన అనుభవం లేనివారు మైనస్ 20 డిగ్రీల చలిలో ఒక్కరే ఆ సాహసానికి దిగడాన్ని నేను సమర్థించను. అందువల్ల ఈ పోలిక అంతా కారు లేని ప్రయాణికుడి కోసమే.

ముందు నెల, తరువాత ఊరు

ఊరిని ఎంచుకోవడానికి ముందు నెలను తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే ఒకే ఊరు డిసెంబరులో ఒకలా, మార్చిలో మరొకలా ఉంటుంది. ట్రొమ్సోలో నవంబరు 27 ప్రాంతం నుంచి జనవరి 15 ప్రాంతం దాకా సూర్యుడు దిగంతం మీదికి రాడు. దీన్ని ధ్రువ రాత్రి అంటారు. అంటే రోజంతా కటిక చీకటి అని కాదు. పగటిపూట కొన్ని గంటలపాటు ఆకాశం నీలంగా, దక్షిణపు అంచున గులాబీ రంగుగా వెలుగుతుంది, ఆ వెలుగులో హాయిగా నడవవచ్చు. అయినా మధ్యాహ్నం రెండు దాటేసరికి మళ్లీ చీకటి పడడం, మాట్లాడే మనిషి లేకుండా వారం రోజులు అలా గడపడం అందరి మనసుకూ పడదు. ఊరి చుట్టూ కొండలు ఉండడం వల్ల సూర్యుడు తిరిగి వచ్చిన పండుగను ట్రొమ్సోవాసులు జనవరి 21న జరుపుకుంటారు, ఆ రోజు గుండ్రటి తీపి రొట్టెలు తింటారు. మన సంక్రాంతి అయిన వారానికే వారికీ ఒక సూర్యుడి పండుగ ఉందన్నమాట.

రొవానియెమి ఇంకా దక్షిణాన, ఆర్కిటిక్ వలయానికి ఆనుకుని ఉంది కనుక అక్కడ డిసెంబరు 21న కూడా సూర్యుడు రెండు గంటలకు కాస్త పైగా కనిపిస్తాడు. ఇనారిలో డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి రెండో వారం దాకా కనిపించడు. ఫిబ్రవరి మధ్యకు ట్రొమ్సోలో పగలు దాదాపు ఏడు గంటలకు, మార్చి 20 ప్రాంతానికి అన్నిచోట్లా పన్నెండు గంటలకు పెరుగుతుంది. ఏప్రిల్ మొదటి వారాలు దాటితే రాత్రులు తెల్లబడిపోయి ఆరోరా కాలం ముగుస్తుంది.

ఒంటరిగా, మొదటిసారి వెళ్లేవారికి ఫిబ్రవరి చివరి వారం నుంచి మార్చి చివరి దాకా ఉన్న కాలాన్నే నేను సూచిస్తాను. పగలు నడకకు, మ్యూజియాలకు, రైలు కిటికీలోంచి కొండలు చూడడానికి వెలుగు ఉంటుంది. రాత్రి చీకటి చాలినంత ఉంటుంది. మంచు లోతుగా ఉంటుంది. చలి జనవరి అంత కటువుగా ఉండదు. విషువత్తుల దగ్గర, అంటే మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ, భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడి సగటున ఎక్కువగా ఉంటుందన్నది చాలాకాలంగా తెలిసిన విషయమే. డిసెంబరును ఎంచుకోవడానికి బలమైన కారణం ఒకటే: క్రిస్మస్ వాతావరణం. దానికోసం వెళ్లేవారు గదుల ధరలు ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువగా ఉంటాయని ముందే ఒప్పుకుని వెళ్లాలి.

ఆకాశం సంగతి

ధ్రువకాంతులు భూమి అయస్కాంత ధ్రువం చుట్టూ ఒక వలయంలా ఏర్పడతాయి. సూర్యుడు ప్రశాంతంగా ఉన్న రాత్రుల్లో కూడా ఆ వలయం ట్రొమ్సో, ఆబిస్కో, ఇనారిల మీదుగానో వాటికి చాలా దగ్గరగానో ఉంటుంది. భూమి అయస్కాంత క్షేత్రంలోని అలజడిని 0 నుంచి 9 దాకా కొలిచే కేపీ సూచీ ఈ మూడు చోట్ల 1 లేదా 2 ఉన్నా చాలు. రొవానియెమిలో 3 దాకా ఉంటే నమ్మకం కలుగుతుంది. సూర్యుడి చురుకుదనం పెరిగి తగ్గే ఆవృత్తి అయిన సౌర చక్రాల్లో 25వది గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబరులో శాస్త్రజ్ఞులు ప్రకటించారు గనుక అవకాశం దాటిపోతోందని తొందరపడేవారున్నారు. ఈ వలయం కింద ఉన్న ఊళ్లలో చక్రం తగ్గుముఖంలో ఉన్నప్పుడు కూడా కాంతులు వస్తూనే ఉంటాయి, ఆ తొందర అక్కరలేదు.

కాబట్టి పైనున్న మూడు ఊళ్ల మధ్య తేడా తెచ్చేది మబ్బు ఒక్కటే. సూచీలు చూసి రాత్రిళ్లు లెక్కలు వేసేకంటే నార్వే వాతావరణ సంస్థ నడిపే ‘యర్’ వంటి చోట గంటగంటకూ మబ్బు అంచనా చూడడం ఎక్కువ ఉపయోగం.

ఒక చిన్న విషయం ముందే తెలిసి ఉండాలి. ఆరోరా చాలాసార్లు ఆకుపచ్చ జ్వాలలా మొదలు కాదు. ఉత్తరాన పలుచని, బూడిదరంగు మబ్బు చారలా కనిపిస్తుంది. అనుమానం వస్తే ఫోన్‌ను కంచె కొయ్యకు ఆనించి, రాత్రి విధానంలో మూడు సెకన్లు తీసి చూడాలి. మామూలు మబ్బయితే బూడిదరంగుగానే ఉంటుంది, ఆరోరా అయితే ఆకుపచ్చగా తేలుతుంది. పక్కన చెప్పేవారు లేనివారికి ఈ పరీక్ష చాలా అవసరం. ఆ చార కింద నిలబడి మబ్బనుకుని గదికి తిరిగి వెళ్లిపోయేవారు ఉంటారు.

ట్రొమ్సో

ఆర్కిటిక్ వలయానికి సుమారు 350 కిలోమీటర్ల ఉత్తరాన, ఒక ద్వీపం మీద ఉన్న ట్రొమ్సో దాదాపు 78 వేల జనాభా గల నిజమైన పట్టణం. విశ్వవిద్యాలయం, సినిమా హాళ్లు, గ్రంథాలయం, రాత్రి పదకొండుదాకా తెరిచి ఉండే సరుకుల దుకాణాలు అన్నీ ఉన్నాయి. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం వల్ల జనవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 3, 4 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఇంత ఉత్తరాన ఉన్న చోటికి ఇది ఆశ్చర్యకరమైన వెచ్చదనం. మన లంబసింగిలో చలికాలపు తెల్లవారుజామున సున్నాను తాకే చలిని ఎరిగినవారు ఇక్కడ బెదరనక్కరలేదు.

ఆ వెచ్చదనానికి చెల్లించే మూల్యం మబ్బు, తడి మంచు, గాలి. వరసగా రోజుల తరబడి ఆకాశం మూసుకుపోవడం ఇక్కడ మామూలు. దానికి ట్రొమ్సో కనిపెట్టిన జవాబు వేట: సాయంత్రం ఆరేడు గంటలకు చిన్న బస్సులు బయలుదేరి, మబ్బు లేని ఆకాశాన్ని వెతుక్కుంటూ, కొండల మధ్యకు చొచ్చుకువచ్చిన సముద్రపు పాయలైన ఫ్యోర్డుల వెంట లోపలికి, అవసరమైతే ఫిన్‌లాండ్ సరిహద్దు దాటి కూడా వెళ్లి, అర్ధరాత్రి దాటాక తిరిగి వస్తాయి. పాస్‌పోర్ట్ దగ్గర ఉంచుకోవాలి. ఈ బస్సుల్లో సీటుకే డబ్బు తీసుకుంటారు గనుక ఒంటరివారికి అదనపు రుసుము ఉండదు. పైగా అక్కడ కూర్చున్నవారిలో చాలామంది ఒంటరిగానే వచ్చి ఉంటారు. వారం రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండలేనివారికి ఈ ఒక్క కారణం చాలు ట్రొమ్సోను ఎంచుకోవడానికి.

బస్సు ఎక్కకుండా కూడా చూడవచ్చా అంటే, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి చూడవచ్చు. ద్వీపం పైభాగాన గడ్డకట్టిన ప్రెస్ట్‌వాన్నెట్ సరస్సు, దక్షిణపు కొసన టెలిగ్రాఫ్‌బుక్తా తీరం రెండూ ఊరి మధ్య నుంచి నడిచి వెళ్లగలిగినవే. వీధి దీపాల వెలుగు కొంత అడ్డు వస్తుంది గాని, బలమైన ఆరోరా దాన్ని లెక్కచేయదు. వంతెన అవతల 1965లో కట్టిన ఆర్కిటిక్ కథీడ్రల్, అక్కడికి దగ్గర్లోనే 421 మీటర్ల ఎత్తుకు తీసుకెళ్లే కేబుల్ కారు ఉన్నాయి. అదే కొండకు నేపాల్ షెర్పాలు పేర్చిన 1,200 రాతిమెట్ల దారి కూడా ఉంది. వేసవిలో అది గొప్ప నడక, చలికాలంలో మంచు కప్పిన ఆ మెట్ల జోలికి ఒంటరిగా పోవద్దు.

ట్రొమ్సోలో ఒంటరి ప్రయాణికుడికి అసలు ప్రమాదం కాలిబాటే. పగలు కరిగి, రాత్రి మళ్లీ గడ్డకట్టి, పైన పలుచగా నీరు నిలిచిన ఆ ఏటవాలు వీధుల మీద గులకరాళ్ల చూర్ణం చల్లినా కాలు నిలవదు. బూటు అడుగుకు తగిలించుకునే ఇనుప పళ్ల రబ్బరు పట్టీలను అక్కడ ఏ సరుకుల దుకాణంలోనైనా అమ్ముతారు, వాటిని దిగిన రోజే కొనుక్కోవాలి. దుకాణంలోకి అడుగుపెట్టేటప్పుడు మాత్రం తీసి చేత పట్టుకోవాలి. నున్నటి గచ్చు మీద ఆ పళ్లతో నడిస్తే బయటి మంచు కంటే ఘోరంగా జారుతుంది.

ఫిబ్రవరి 6 ఈ ఉత్తర ప్రాంతపు మూలవాసులైన సామీల జాతీయ దినోత్సవం. ఆ వారంలో ట్రొమ్సో నడివీధిలో రైన్‌డీర్ల పరుగు పందెం జరుగుతుంది, చూడదగ్గది. నవంబరు నుంచి జనవరి దాకా హెర్రింగ్ చేపల వెంట వచ్చే ఓర్కాలను, హంప్‌బ్యాక్ తిమింగలాలను చూడడానికి షెర్వోయ్ వైపు పడవలు వెళతాయి; రోజంతా పట్టే ప్రయాణం, కడుపులో తిప్పే రకమైతే మాత్ర వేసుకునే ఎక్కాలి.

ఆబిస్కో

గుమ్మం దాటాక కాలినడకన ఏమేమి చేరుకోగలమన్న గుమ్మం పరీక్షలో నా దృష్టిలో అన్నిటికంటే ముందు నిలిచేది ఆబిస్కోయే. స్వీడన్ వాయవ్య మూలలో, ఆర్కిటిక్ వలయానికి దాదాపు 200 కిలోమీటర్ల ఉత్తరాన, సుమారు 70 కిలోమీటర్ల పొడవైన టోర్నెట్రెస్క్ సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరు ఇది. అట్లాంటిక్ నుంచి వచ్చే తేమ గాలులు నార్వే వైపు కొండల మీదే కురిసిపోతాయి గనుక ఆబిస్కో వర్షచ్ఛాయలో ఉంటుంది. ఏడాదికి 300 మిల్లీమీటర్ల చొప్పున మాత్రమే వానామంచూ పడే, స్వీడన్‌లో అత్యంత పొడి ప్రదేశాల్లో ఇది ఒకటి. చుట్టుపక్కల అంతా మూసుకుపోయి ఉన్నా సరస్సు పైన ఒక నీలి కంత మిగిలిపోయే రాత్రులు ఇక్కడ తరచుగా ఉంటాయి. అంటే ట్రొమ్సోలో బస్సెక్కి వెతుక్కునే ఆకాశం ఇక్కడ తలుపు తీస్తే ఉంటుంది.

రైలు ఆ తలుపు దగ్గరికే వస్తుంది. ఇనుప ఖనిజం కోసం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వేసిన లైను మీద స్టాక్‌హోమ్ నుంచి రాత్రి రైలు కిరునా మీదుగా నార్విక్ దాకా నడుస్తుంది. ఆబిస్కోకు సుమారు 17 గంటలు పడుతుంది. ఆరు పడకల పెట్టెల్లో ఒక పడక కొనుక్కోవచ్చు, ఆడవాళ్లకే కేటాయించిన గదులూ దొరుకుతాయి, అందుచేత ఒంటరివారికి ఇది ఖర్చులోనూ భద్రతలోనూ మంచి మార్గం. ఆబిస్కో పేరుతో రెండు స్టేషన్లు ఉన్నాయన్నది గుర్తుంచుకోవాలి. ఊరిలో బస చేసేవారు ఆబిస్కో ఓస్ట్రాలో, జాతీయ ఉద్యానవనం గుమ్మంలో స్వీడన్ పర్యాటక సంఘం నడిపే పెద్ద కొండ బసలో ఉండేవారు ఆబిస్కో టూరిస్ట్‌స్టేషన్‌లో దిగాలి. రెండిటి మధ్య దూరం రెండు కిలోమీటర్లే గాని, పెట్టెలు లాక్కుంటూ మైనస్ 15 డిగ్రీల్లో ఆ రెండు కిలోమీటర్లు నడవడం సరదా పని కాదు.

పర్యాటక సంఘం బసలో హాస్టల్ పడకలు, అందరూ కలిసి వాడుకునే వంటగది ఉంటాయి. సాయంత్రం ఆ వంటగదిలో కుక్కర్ లేకుండానే గిన్నెలో అన్నం వార్చుకుని తిని, కోటు తొడుక్కుని, పది పదిహేను నిమిషాలు నడిస్తే సరస్సు ఒడ్డున దీపం లేని చీకటిలో నిలబడవచ్చు. వేళ్లు కొంకర్లు పోగానే వెనక్కి వచ్చి టీ తాగి, గంట తరువాత మళ్లీ వెళ్లవచ్చు. ఎవరి బస్సుకూ కట్టుబడకుండా, ఒక రాత్రిలో మూడు నాలుగుసార్లు బయటికి వెళ్లి రాగల ఈ సౌకర్యం డబ్బు పెట్టి కొన్నా మిగతాచోట్ల దొరకదు. నువోల్యా కొండ మీద 900 మీటర్ల ఎత్తున ఉన్న ఆరోరా స్కై స్టేషన్‌కు కుర్చీ లిఫ్టులో వెళ్లడం ప్రసిద్ధమే, ధర కూడా అంత ప్రసిద్ధంగానే ఉంటుంది. గాలి ఎక్కువైతే లిఫ్టు నడపరు. కిందనున్న సరస్సు ఉచితం. ఒకసారికి లిఫ్టు ఎక్కండి గాని, దాని కోసమే ఆబిస్కోకు వెళ్లవద్దని నా సలహా.

పగటిపూట 1909లో ఏర్పడిన జాతీయ ఉద్యానవనంలో గుర్తులు పెట్టిన నడక దారులు, గడ్డకట్టిన నది లోయ, లాప్పోర్టెన్ అనే అర్ధచంద్రాకారపు కనుమ దృశ్యం ఉంటాయి. దక్షిణాన హేమావాన్ దాకా 400 కిలోమీటర్లకు పైగా సాగే కుంగ్స్‌లేడెన్ దారి ఇక్కడే మొదలవుతుంది. మొదటి కిలోమీటర్లు రెండు మూడు నడిచి తిరిగి రావడం ఎవరికైనా సాధ్యమే, స్కీలూ కొండ అనుభవమూ లేనివారు అంతకు మించి ఒంటరిగా పోకూడదు.

ఆబిస్కో లోపాలు కూడా స్పష్టంగానే ఉన్నాయి. దుకాణం ఒకటే, అదీ ఊరిలో ఉంది. తినడానికి ఉన్న చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆసుపత్రి కావాలంటే వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరంలో ఉన్న కిరునాకు వెళ్లాలి. మూడు రాత్రులు దాటితే పగళ్లు భారంగా గడుస్తాయి. విసుగు పుట్టే స్వభావం ఉన్నవారు మధ్యలో ఒక రోజు కిరునాకు, యుక్కస్‌యార్విలోని ఐస్ హోటల్‌కు కేటాయించుకోవచ్చు. గని తవ్వకాల వల్ల నేల కుంగుతున్నందున కిరునా పట్టణాన్నే తూర్పుకు మారుస్తున్నారు. 1912 నాటి చెక్క చర్చిని, 672 టన్నుల బరువున్న దాన్ని, 2025 ఆగస్టులో చక్రాల వాహనాల మీద ఎక్కించి ఐదు కిలోమీటర్లు నడిపించారు. ఆ కొత్త ఊరిని, ఖాళీ అవుతున్న పాత ఊరిని ఒకేరోజు చూడడం ఆరోరాకు ఏమాత్రం తీసిపోని అనుభవమని నేను భావిస్తాను.

రొవానియెమి

సౌకర్యమే ప్రధానమైతే రొవానియెమి. హెల్సింకి నుంచి విమానంలో గంటన్నర లోపు, రాత్రి రైలులో సుమారు పన్నెండు గంటలు పడుతుంది. సాంటాక్లాజ్ గ్రామం పిల్లల కోసం కట్టినది. పిల్లలు లేకుండా, ఒంటరిగా, పెద్దవాళ్లు అక్కడ గంటసేపు కంటే ఎక్కువ ఏం చేస్తారో నాకు అర్థం కాదు. ఊరిలో చూడవలసింది ఆర్క్‌టికుమ్ మ్యూజియం. 1944లో తిరోగమిస్తున్న జర్మన్ సైన్యం ఈ పట్టణాన్ని దాదాపు పూర్తిగా తగలబెట్టింది, యుద్ధం తరువాత వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో రైన్‌డీర్ కొమ్ముల ఆకారంలో వీధుల ప్రణాళిక గీశాడు. ఆ మ్యూజియం వెనక నది ఒడ్డు, ఔనస్‌వారా కొండ దారి రెండూ రాత్రి నడిచి వెళ్లి ఆకాశం చూడడానికి పనికివస్తాయి.

కాని ఇక్కడ ఆరోరా వలయపు దక్షిణపు అంచున ఉంటాం, నవంబరు, డిసెంబరుల్లో మబ్బు ఎక్కువ, రద్దీ ఎక్కువ, ధర ఇంకా ఎక్కువ. గాజు ఇగ్లూలను ఇద్దరి లెక్కన అద్దెకిస్తారు కాబట్టి ఒంటరివారు రెండో మనిషి డబ్బు కూడా కట్టాలి. మబ్బు పట్టిన రాత్రి ఆ గాజు కింద పడుకోవడం ఖరీదైన నిద్ర తప్ప మరేమీ కాదు. మంచుదేశాన్ని మొదటిసారి చూస్తున్నవారు, మూడు నాలుగు రోజులకు మించి సెలవు లేనివారు, రవాణా చిక్కులంటే భయపడేవారు రొవానియెమిని ఎంచుకుంటే తప్పులేదు. మిగతావారు ఇంకా ఉత్తరానికి పోవాలి.

ఇనారి

రొవానియెమి నుంచి బస్సులో ఐదు గంటలు ఉత్తరానికి వెళితే ఇనారి వస్తుంది. విమానమైతే దగ్గరలోని ఇవాలోకు. ఫిన్‌లాండ్ సామీల పార్లమెంటు, సీడా అనే వారి మ్యూజియం ఇక్కడే ఉన్నాయి. సామీల చరిత్ర, వారి రైన్‌డీర్ల పెంపకం, నేల హక్కుల పోరాటం తెలుసుకోవాలన్న ఆసక్తి ఉన్నవారికి నాలుగింటిలో ఇదే సరైన చోటు, సీడా ఒక్కదానికే సగం రోజు ఇవ్వవచ్చు. అక్కడివారితో మాటల్లో పడినప్పుడు మీకెన్ని రైన్‌డీర్లు ఉన్నాయని మాత్రం అడగకూడదు. మీ బ్యాంకులో ఎంత ఉందని అడిగినట్టే అవుతుంది.

గుమ్మం పరీక్షలో ఇనారి బాగానే నిలుస్తుంది: సరుకుల దుకాణం, బస్సు స్టాపు, గడ్డకట్టిన పెద్ద సరస్సు అన్నీ దగ్గర్లో ఉన్నాయి, ఆకాశం చీకటిగా ఉంటుంది. అయితే ఇది సముద్రానికి దూరమైన లోతట్టు ప్రాంతం కనుక చలి వేరే రకం. జనవరిలో మైనస్ 20 లెక్కలోకి రాదు. 2024 జనవరి 5న పొరుగునున్న ఎనోన్‌టెకియో మునిసిపాలిటీలో మైనస్ 44.3 డిగ్రీలు నమోదైంది. బస్సులు రోజుకు కొన్నే, ఒకటి తప్పితే గంటల తరబడి ఎదురుచూపే. ఏకాంతాన్ని కోరుకుని వెళ్లేవారికి, అంతకు ముందు ఒకసారి చలిదేశం చూసి ఉన్నవారికి నేను దీన్ని సూచిస్తాను. మొదటి ప్రయాణానికి సూచించను.

జాబితాలో పెట్టని చోట్లు

లోఫోటెన్ దీవులు అందమైనవే, కారు లేకుండా చలికాలంలో వాటిని చూడడం కష్టం. స్వాల్‌బార్డ్‌లో ఊరి హద్దు దాటితే ధ్రువపు ఎలుగుబంట్ల భయం వల్ల గైడు లేకుండా తిరగలేరు. పైగా అది ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల షెంజెన్ ప్రాంతంలో భాగం కాదు గనుక ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చిన వీసాతో వెళ్లిన భారతీయులు తిరిగి నార్వేలో అడుగుపెట్టలేరు. బెర్గెన్, కిర్కెనెస్‌ల మధ్య 34 రేవుల్లో ఆగుతూ తిరిగే తీరపు నౌకలో పూర్తి ప్రయాణం చేస్తే ఒంటరి క్యాబిన్‌కు అదనపు రుసుము బాగా పడుతుంది, కాని ట్రొమ్సో నుంచి ఒకటి రెండు రేవుల దూరం ఎక్కి దిగడం చవకైన, చక్కటి అనుభవం.

ఒంటరివారి ఖర్చు, తిండి, బట్టలు

హస్కీ కుక్కల బండికి ఇద్దరు లెక్క: ఒకరు నడుపుతారు, ఒకరు కూర్చుంటారు. ఒంటరిగా వచ్చినవారిని తెలియని మరొకరితో జతచేస్తారు, లేదా అదనంగా వసూలు చేస్తారు. బుక్ చేసే ముందే రాసి అడగాలి. స్నోమొబైళ్ల విషయంలోనూ ఇంతే, నడపాలంటే డ్రైవింగ్ లైసెన్స్ చూపించాలి. మూడు దేశాల్లోనూ కార్డుతోనే అన్నీ జరుగుతాయి, నోట్లు మార్చుకుని వెళ్లే పని లేదు. తిండి నార్వేలో అన్నిటికంటే ఖరీదు. శాకాహారులు ట్రొమ్సోలో ఇబ్బంది పడరు. ఇనారిలో హోటళ్లు రైన్‌డీర్ మాంసం, చేపల చుట్టూనే తిరుగుతాయి కాబట్టి వంటగది ఉన్న బస తీసుకోవడం నయం. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి పెట్టెలో పెట్టుకోవచ్చు; ఐరోపా బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకురావడం నిషిద్ధం గనుక నెయ్యి, కోవా, పూతరేకులు ఇంటి దగ్గరే వదిలేయాలి. స్టాక్‌హోమ్‌లోనో ఓస్లోలోనో ఉన్న మన బంధువులు పోపు డబ్బా సర్ది ఇస్తామంటే వద్దనకండి.

బట్టల్లో ఒకటే నియమం: ఒంటికి తగిలే పొరలో నూలు ఉండకూడదు. చెమటను పట్టుకుని తడిగా ఉండిపోతుంది, కదలకుండా నిలబడి ఆకాశం చూసే గంటలో ఆ తడే చలిగా మారుతుంది. మెరినో ఉన్ని లోపల, మందమైన ఉన్ని లేదా ఫ్లీస్ మధ్యలో, గాలి చొరబడని కోటు పైన వేసుకోవాలి. బూట్లు ఒక సైజు పెద్దవి కొనాలి. రెండు జతల మేజోళ్లు కుక్కి బిగించుకుంటే రక్తం ఆడక వేళ్లు ఇంకా త్వరగా మొద్దుబారతాయి. పలుచని చేతి తొడుగుల మీద వేళ్లు విడివిడిగా లేని దళసరి తొడుగులు వేసుకోవాలి, ఫోటో తీసేటప్పుడు పైవి తీస్తే చాలు. ఫోన్ కోటు లోపలి జేబులో, ఒంటి వేడికి దగ్గరగా ఉండాలి. బయటి జేబులో పెడితే సగం చార్జింగ్ ఉండగానే ఆగిపోతుంది, ఒంటరివారికి ఆగిపోయిన ఫోన్ అంటే దారీ లేదు, సాయమూ లేదు. అత్యవసర సంఖ్య స్వీడన్, ఫిన్‌లాండ్‌లలో 112. నార్వేలో పోలీసులకు 112, వైద్యసాయానికి 113. రాత్రి సరస్సు వైపు వెళ్లేటప్పుడు బసలో ఎవరికైనా ఒక మాట చెప్పి వెళ్లడం నామోషీ అనుకోవద్దు.

కలిపి చూడాలనుకుంటే

వారం రోజులు ఉన్నవారికి నేను చెప్పే జోడి ఆబిస్కో, ట్రొమ్సో: మొదట ఆబిస్కోలో మూడు రాత్రులు, తరువాత రైలులో రెండు గంటల లోపు నార్విక్, అక్కడి నుంచి బస్సులో నాలుగు గంటలకు పైగా ప్రయాణించి ట్రొమ్సోలో మూడు రాత్రులు. ఈ వరసలో ముందు ఆకాశం దొరుకుతుంది, తరువాత మనుషులు దొరుకుతారు. ముందు ఆబిస్కోలో కాంతులు చూసేసి ఉంటే ట్రొమ్సోలో ఖరీదైన వేట బస్సులు మానేసి ఊరిని ప్రశాంతంగా చూడవచ్చు. ఆ రైలు మార్గాన్ని మాత్రం పూర్తిగా నమ్ముకోకూడదు. 2023 డిసెంబరులో ఖనిజపు రైలు పట్టాలు తప్పి రెండు నెలలపాటు కిరునా, నార్విక్‌ల మధ్య లైను మూతపడింది, తెరిచిన కొద్ది రోజులకే మరొకటి తప్పింది. అందుకని తిరుగు విమానానికి ముందు ఒక ఖాళీ రోజు ఉంచుకోవాలి. ఫిన్‌లాండ్ వైపు ఊళ్లను ఈ రెండింటితో కలపాలని చూడవద్దు. స్వీడన్, ఫిన్‌లాండ్‌ల మధ్య పట్టాల వెడల్పే వేరు, బస్సులు మారుతూ రోజంతా పోతుంది. రొవానియెమి, ఇనారి రెండూ కలిసి వేరే ప్రయాణం.

రెండు దేశాలు కలిపేవారు వీసా విషయంలో రాత్రుల లెక్క సరిచూసుకోవాలి. షెంజెన్ వీసాకు ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు చేయాలి, రెండు చోట్లా సమానమైతే మొదట ప్రవేశించే దేశానికి. ఆబిస్కోలో మూడు, ట్రొమ్సోలో మూడు రాత్రులు పెట్టుకుని, స్టాక్‌హోమ్‌లో ఒకటి కలిపితే అది స్వీడన్ దరఖాస్తు అవుతుంది. పెద్దలకు రుసుము 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు ఇవ్వవచ్చు. మార్చి నెలకు ఆబిస్కో హాస్టల్ పడకలు అన్నిటికంటే ముందు నిండుతాయి కాబట్టి, రద్దు చేసుకునే వీలున్న పడకను ముందు పట్టుకుని, ఆ తేదీలను బట్టి రాత్రి రైలు, ఆ తరువాతే హైదరాబాద్ నుంచి విమానం చూసుకోవాలి.